ఒకే దారి, రెండు బేరాలు: బత్తాయి, మేక

ఎల్బీనగర్ దగ్గర నగరంలోకి రెండు పెద్ద దారులు దిగుతాయి. ఒకటి విజయవాడ రోడ్డు, ఇంకొకటి సాగర్ రోడ్డు. ఈ రెంటి మధ్యా, అటూ ఇటూ ఉన్నది మెట్ట నేల. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, చింతపల్లి, దేవరకొండ, మునుగోడు. ఏడాదికి సుమారు ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అనుకునే చోట్లు. ఈ నేల నుంచి హైదరాబాద్‌కు చాలా కాలంగా రెండు సరుకులు వస్తున్నాయి. ఒకటి బత్తాయి, ఇంకొకటి మేక. ఎక్కే బండి ఒకేలాంటిదే కావచ్చు, దారి కూడా ఒకటే. ఎల్బీనగర్ దాటాక మాత్రం రెండింటి గతులు వేరు. ఎందుకు వేరయ్యాయో పక్కపక్కన పెట్టి చూస్తే, మెట్ట ప్రాంతంలో మేకల పెంపకం ఎందుకు ఎదగడం లేదన్న ప్రశ్నకు పథకాల కరపత్రాల్లో దొరకని జవాబు దొరుకుతుంది.

బత్తాయికి ఇక్కడే చిరునామా ఉండేది. మొజంజాహీ మార్కెట్ నుంచి 1986లో తరలివచ్చిన పండ్ల మార్కెట్ ఎల్బీనగర్‌కూ దిల్‌సుఖ్‌నగర్‌కూ నడుమ, కొత్తపేటలో గడ్డిఅన్నారం మార్కెట్ పేరుతో ముప్పై అయిదేళ్లు నడిచింది. ఇరవై రెండెకరాల యార్డు, షెడ్లు, కాటాలు, లైసెన్సు ఉన్న కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, వీళ్లందరి మీదా ఒక మార్కెట్ కమిటీ. మేకకు ఈ వైపు అలాంటి చోటు లేదు. అది దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి, నగరాన్ని అడ్డంగా కోసుకుంటూ మూసీ పక్కన జియాగూడకు పోవాలి. తెలంగాణ జిల్లాల నుంచే కాదు, ఆంధ్ర నుంచి, మహారాష్ట్ర, కర్ణాటక, రాజస్థాన్‌ల నుంచీ జీవాలు దిగే మండి అది. అంత దూరం పోలేనివాడికి ఊరి సంత ఉంది, లేదంటే ఇంటి ముందుకొచ్చే బేరగాడున్నాడు.

ఈ తేడా చట్టం తెచ్చింది కాదు. మన మార్కెట్ యార్డులన్నింటికీ ఆధారమైన 1966 నాటి చట్టం పేరులోనే ‘వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద’ అని రెండూ ఉన్నాయి. పండుకు ఎంత హక్కు ఇచ్చిందో జీవానికీ అంతే ఇచ్చింది. కాగితం మీద రెండూ ఒక్క కప్పు కిందివే. కప్పు వేసేటప్పుడు మాత్రం పండు మీదుగా వేసి ఆపేశారు. పశువుల సంతలు నడిపే మార్కెట్ కమిటీలు లేకపోలేదు. వనపర్తి జిల్లా పెబ్బేరు శనివారం సంత లాంటి పేరున్న సంతలూ ఉన్నాయి. అయితే సంతలో రుసుము వసూలు చేయడం ఒక పని, ధర పుట్టే పద్ధతిని పట్టించుకోవడం ఇంకో పని. మొదటిది జరిగినంత శ్రద్ధగా రెండోది జరగలేదు.

కాటా సంగతి

అసలు తేడా తూకంలో ఉంది. బత్తాయి కాటా ఎక్కుతుంది. ఎన్ని టన్నులు, ఏ రేటు, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, అన్నీ పోగా చేతికెంత అన్నది తక్‌పట్టీ మీద పడుతుంది. ఆ చీటీలో మోసం ఉండొచ్చు. ‘సూట్’ పేరుతో టన్నుకు ఇన్ని కిలోలని తరుగు తీసే అలవాటు మీద రైతులు ఎన్నేళ్లుగా గొడవ పడుతున్నారో పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. అయినా ఆ గొడవ పడడానికి రైతు చేతిలో ఒక అంకె ఉంది. ‘ఇంత ఉండాలి, ఇంతే ఇచ్చావు’ అని అడిగే వీలుంది.

మేక ఎక్కువగా చూపుతో అమ్ముడుపోతుంది. కొనేవాడు వీపు మీద చెయ్యి వేస్తాడు, నడుము దగ్గర వెన్నుపూస తడుముతాడు, తొడ పట్టి చూస్తాడు, నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. ‘పది కిలోలు పడుతుంది’ అంటాడు. ఆ పది అన్నది అతని వేళ్లకు తెలిసిన లెక్క. అది నిజంగా పదో, పన్నెండో అమ్మేవాడికి ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే కోసేటప్పుడు అతను అక్కడ ఉండడు. మామూలుగా మేక బతికున్న బరువులో సగానికి కాస్త తక్కువ మాంసం పడుతుంది. పాతిక కిలోల మేకపోతు అంటే పదకొండు, పన్నెండు కిలోలు. కిలో మటన్ తొమ్మిది వందలనుకుంటే, చూపులో ఒకటిన్నర కిలో తగ్గించి చెప్పిన బేరం అమ్మేవాడి దగ్గర పదమూడు వందల యాభై రూపాయలు పట్టుకుపోయినట్టే. తల, కాళ్లు, బోటి, తోలు ఈ లెక్కలోకి రానేలేదు. అవి విడిగా అమ్ముడుపోతాయన్నది అందరికీ తెలిసిందే. బేరంలో మాత్రం వాటి ప్రస్తావన ఉండదు.

ఇందులో వింత ఏమిటంటే, అదే మేక దిల్‌సుఖ్‌నగర్ గల్లీలోని మటన్ దుకాణానికి చేరేసరికి గ్రాములతో సహా తూగుతుంది. దుకాణం కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలని చట్టం. పావుకిలో కొన్నవాడికి యాభై గ్రాములు తగ్గితే ఫిర్యాదు చేసే వీలుంది. అంటే ఒకే జంతువును కొనే చివర చట్టం కాపలా కాస్తోంది, అమ్మే చివర ఎవడి కన్ను వాడికే వదిలేసింది. వినియోగదారుడికి ఇచ్చిన కాటాను పెంపకందారుడికి ఎందుకివ్వలేదో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

శిక్షణ తరగతుల్లో మేకను పేదవాడి ఏటీఎం అంటారు. మాట బాగుంది కానీ పోలిక కుదరదు. ఏటీఎం దగ్గరకు పోయేవాడికి తన ఖాతాలో ఎంతుందో తెలుసు. మేకను తోలుకుపోయేవాడికి తెలియదు. తెలియని అంకె మీద పెట్టుబడి పెట్టమంటే ఎవరూ పెట్టరు. నట్టల మందుకు డబ్బు పెట్టి, దాణా వేసి రెండు కిలోలు పెంచితే ఆ రెండు కిలోలకు ధర వస్తుందన్న నమ్మకం లేనప్పుడు, మేకను పొదల మీదకు వదిలేయడమే తెలివైన పని. మనవాళ్లు శాస్త్రీయంగా పెంచరని అధికారులు అంటుంటారు. నిజానికి వాళ్లు లెక్క ప్రకారమే పెంచుతున్నారు. బరువుకు ధర లేని బజారులో బరువు పెంచడం నష్టమన్నదే ఆ లెక్క.

ఆగగలిగేది ఎవరు?

పండ్ల పక్షం నుంచి చూస్తే మేకవాడిది అదృష్టంలా కనిపిస్తుంది. కోసిన బత్తాయి ఎక్కువ రోజులు ఆగదు. లారీ యార్డుకు చేరిన రోజు ధర పడిపోతే వెనక్కి తీసుకుపోలేడు. కమీషన్ ఏజెంటు దగ్గర ముందే అప్పు తెచ్చుకున్న రైతైతే వేరే అంగడికి కూడా పోలేడు. కాటా ఉన్నా, చీటీ ఉన్నా, ఆ అప్పు కాటా కంటే బరువు. యార్డు కడితే దళారి పోతాడన్నది గడ్డిఅన్నారం అబద్ధం చేసిన నమ్మకం. అక్కడ దళారి పోలేదు, లైసెన్సు తీసుకుని గద్దె మీద కూర్చున్నాడు.

మేక అలా కాదు. ఈ వారం ధర లేకపోతే వచ్చే వారం తోలుకుపోవచ్చు. ఆగితే బరువు పెరుగుతుందే తప్ప కుళ్లదు. పైగా ధర ఎప్పుడు లేస్తుందో ముందే తెలిసిన సరుకు. బక్రీద్‌కు ఏడాది నిండిన, ఏ లోపమూ లేని పోతు కావాలి. ఆషాఢంలో బోనాలకు యాటలు కావాలి. దసరాకు ఊరూరా కావాలి. రెండేళ్లకోసారి మేడారం జాతర ఉంది. బత్తాయి రైతుకు ఇంత ఖాయమైన పంచాంగం లేదు. బేరంలో ఆగగలిగేవాడిదే పైచేయి అన్న సూత్రం నిజమైతే మేకవాడే గెలవాలి.

గెలవడు. సరుకు ఆగుతుంది, ఇల్లు ఆగదు. పిల్లకు జ్వరం, స్కూలు ఫీజు, విత్తనాల ఖర్చు, చావు, పెళ్లి, ఏది వచ్చినా ముందు మేక మెడలోని తాడే విప్పుతారు. బేరగాడికి ఈ సంగతి తెలుసు. అడక్కుండానే ఇంటి ముందుకు వచ్చాడంటే ఆ ఇంట్లో ఏదో అవసరం పడిందని విని వచ్చాడన్నమాట. ఇక మందలో రోగం కనపడిందా, ఆ రోజు ధరే వేరు. పారుడు రోగం, చిటుక రోగం, బొబ్బ రోగం వీటిలో మొదటిది సోకితే వారంలో మంద సగమవుతుంది. రెండోది సాయంత్రం బాగున్నదాన్ని తెల్లారేసరికి పడేస్తుంది. ఒకటి పడగానే మిగిలినవాటిని వచ్చిన కాడికి అమ్ముకుంటారు. అందుకే టీకాను పశువైద్యం పద్దులో మాత్రమే రాయడం పొరపాటు. అది బేరం పద్దులో కూడా రాయాల్సింది. సమయానికి పడిన టీకా పెంపకందారుడికి మరో రెండు నెలలు ఆగే ధైర్యమిస్తుంది. 2017 నుంచి తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటుంది. అలాంటి ఏర్పాట్ల విలువను ఎన్ని ప్రాణాలు నిలిచాయన్న లెక్కతో పాటు, ఎంతమంది తొందరపడి అమ్ముకోకుండా ఆగారన్న లెక్కతో కూడా కొలవాలి.

కాబట్టి ఈ పోటీలో ఎవరి లోపం వారిది. బత్తాయికి చీటీ ఉంది, ఆగే శక్తి లేదు. మేకకు ఆగే గుణం ఉంది, ఆగనిచ్చే అప్పూ లేదు, ఆగినందుకు ఫలం చూపే కాటా కూడా లేదు.

సర్కారు చెయ్యి ఎటు సాగింది

రెండింటి మీదా ప్రభుత్వం పెట్టిన ఖర్చు తీరు గమనించదగ్గది. బత్తాయి తోటకు బోరు, కరెంటు, డ్రిప్పు మీద రాయితీ, చివరికి యార్డు. అంటే పండించడం నుంచి అమ్మడం దాకా ఒక గొలుసు. అయినా కరువు సంవత్సరాల్లో నల్లగొండ పల్లెల్లో బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు పోసి, అదీ చాలక రైతులు తోటలు నరుక్కున్నారు. ఆ ఏళ్లలోనే మేక తుమ్మకాయ, రేగాకు, కంచె మీది తీగ తిని బతికింది. వాన తక్కువ నేలకు సరిపోయే జీవి ఏదో ప్రకృతి చెప్పింది. ఖజానా మాత్రం నీళ్లు అడిగే చెట్టు వైపే మొగ్గింది.

జీవాల మీద పెట్టిన పెద్ద ఖర్చు ఒక్కటే, గొర్రెల పంపిణీ. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన పథకం అది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. లక్షా పాతిక వేల ధరలో డెబ్బై అయిదు శాతం రాయితీ. తర్వాత యూనిట్ ధర లక్షా డెబ్బై అయిదు వేలకు పెరిగింది. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు కోటీ తొంభై లక్షలకు చేరాయి. 2012తో పోలిస్తే దాదాపు సగం పెరుగుదల, దేశంలో మొదటి స్థానం. మేకలు 49 లక్షల దగ్గరే ఉన్నాయి. సంఖ్య పెరిగింది సరే. అమ్మే చోటు, అమ్మే పద్ధతి అక్కడే ఉన్నాయి. ఎక్కడో కొని ఇక్కడికి తెచ్చి పంచడం మీదే పథకమంతా నిలబడింది. ఆ కొనుగోళ్ల మీదే 2024లో అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. డబ్బు జంతువును కొనడానికి పోయినప్పుడు మధ్యలో చేతులు ఎక్కువ. అదే డబ్బులో కొంత సంతలో కాటాకు, నీళ్ల తొట్టికి, నీడకు పోయి ఉంటే, తినడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. బహుశా అందుకే పోలేదేమో.

కేంద్రం 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్ ఇంకో చివరకు పోయింది. యాభై శాతం పెట్టుబడి రాయితీ ఇస్తానంటుంది, అయిదు వందల ఆడ జీవాలు, పాతిక పోతులు ఉన్న ఫారం పెట్టేవాడికి. తర్వాత వంద జీవాల దాకా దిగారు. దేవరకొండ తండాలో పది, పదిహేను మేకలు కాచుకునే ఆమెకు ఆ వంద కూడా ఆకాశమే. ఆమె పెంపకం పద్ధతి వేరు. పొద్దున బీడుకు తోలుకుపోయి, సాయంత్రం కొమ్మలు నరికి తెచ్చి వేసే పని అది. దాన్ని షెడ్డులోకి మారిస్తే మేత కొనాలి. కొన్న మేతతో లెక్క తప్పుతుంది.

ఆ బీడూ తగ్గిపోతోంది. సాగర్ రోడ్డు పొడవునా, ఇబ్రహీంపట్నం చుట్టూ, యాచారం, కందుకూరు వైపు ఫార్మాసిటీ కోసం సేకరించిన భూముల్లో, వెంచర్ల హద్దురాళ్ల మధ్య మేకకు దారి లేదు. 2015లో మొదలైన హరితహారం మొక్కలు నాటిన చోటల్లా మేకను నేరస్థురాలిని చేసింది. 2019 సెప్టెంబరులో హుజూరాబాద్‌లో మొక్కలు తిన్నాయని రెండు మేకలను పోలీస్ స్టేషన్‌లో కట్టేసి, యజమానితో జరిమానా కట్టించి వదిలిన వార్త దేశమంతా నవ్వుకుంటూ చదివింది. తోటకు డ్రిప్పు రాయితీ, మేకకు జరిమానా. రెండూ పచ్చదనం పేరుతోనే. నాటిన మొక్కల్లో సుబాబుల్, అవిశ లాంటి మేత చెట్లకు వాటా పెట్టి, కోసుకునే హక్కు మేకలవాళ్లకు ఇచ్చి ఉంటే వాళ్లే ఆ మొక్కలకు కాపలాదారులయ్యేవాళ్లు.

తెలివికి కొరత లేదు

వింత ఏమిటంటే ఈ తూర్పు హైదరాబాద్ చుట్టూనే దీనికి కావలసిన శాస్త్రమంతా కూర్చుని ఉంది. మెట్ట వ్యవసాయ కేంద్ర పరిశోధనా సంస్థ, అందరూ క్రీడా అని పిలిచేది, దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోని సంతోష్‌నగర్‌లో 1985 నుంచి ఉంది. దాని పరిశోధన క్షేత్రాలు రెండూ ఎల్బీనగర్ అవతలే. ఒకటి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్‌లో, ఇంకొకటి ఇబ్రహీంపట్నం దాటాక గునుగల్‌లో. ఉప్పల్ వైపు పోతే చెంగిచెర్లలో మాంసం మీద జాతీయ పరిశోధనా సంస్థ, ఆధునిక కబేళా. ఒకచోట మేత తెలుసు, ఇంకొకచోట మాంసం తెలుసు. మేత నుంచి మాంసం దాకా పోయే దారిలో, ధర పుట్టే ఆ ఒక్క నిమిషం మాత్రం ఎవరి పరిధిలోకీ రాలేదు.

పండ్ల మార్కెట్ తరలింపు కథ కూడా ఇక్కడ ఒక పాఠం చెబుతుంది. 2020లో కోహెడకు పంపితే ఆ మే నెలలోనే గాలివానకు తాత్కాలిక షెడ్లు కూలాయి. 2021లో గడ్డిఅన్నారం యార్డును మూసి బాటసింగారానికి పంపారు. కొత్తపేట స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. వ్యాపారులు ఊరుకోలేదు, హైకోర్టు దాకా వెళ్లారు. గెలుపోటములు అటుంచితే, వాళ్లకు వాదించడానికి ఒక లైసెన్సు, ఒక షాపు నంబరు, ఒక కమిటీ ఉన్నాయి. ప్రభుత్వం వాళ్లను ఎక్కడికైనా పంపాలంటే ముందు ఆ ‘ఎక్కడికి’ చూపించాల్సి వచ్చింది. బక్రీద్ ముందు రోడ్డు పక్కన మేకలు నిలబెట్టుకునేవాడిని తరలించడానికి ఒక లాఠీ చాలు. యార్డు వల్ల రైతుకు ఎంత మేలు జరిగిందన్నది చర్చించవచ్చు. యార్డు ఉన్నవాడు లెక్కలోకి వస్తాడన్నదాంట్లో మాత్రం చర్చ లేదు.

ఏది తీసుకోవాలి, ఏది వదలాలి

అయితే మేకకూ ఒక గడ్డిఅన్నారం కట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. పండుకు నగరంలో కాటా పెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు, దారిలో దాని బరువు ఏ కొంచెమో తగ్గుతుంది. మేక అలా కాదు. దేవరకొండ నుంచి బండిలో కిక్కిరిసి, మేత లేక, నీళ్లు లేక, బెదిరి వచ్చిన మేక దారిలోనే బరువు పోగొట్టుకుంటుంది. దాన్ని జియాగూడలో తూస్తే ఆ నష్టం పెంపకందారుడి నెత్తిన పడుతుంది. కాబట్టి మేక కాటా దొడ్డికి దగ్గరగా ఉండాలి. సాగర్ రోడ్డు మీది మాల్ సంతలో, దేవరకొండలో, మంచాలలో. జీవాన్ని నిలబెట్టి తూచే పంజరం లాంటి కాటా పెద్ద యంత్రమేమీ కాదు. దాని పక్కన ఒక బల్ల, ఒక చీటీ పుస్తకం, జియాగూడలో నిన్న బతికున్న కిలో ఎంత పలికిందో రాసిన పలక. ఈ మూడూ చాలు మొదలుపెట్టడానికి. మార్కెట్ కమిటీలు ఇప్పటికే ఉన్నాయి, చట్టం ఇప్పటికే ఉంది.

బక్రీద్ పోతును, బోనాల యాటను ఎవరూ కిలోల్లెక్కన కొనరని ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే. అక్కడ రంగు, కొమ్ము, నిలువు చూస్తారు, మొక్కును బట్టి ధర పలుకుతుంది. అలాంటి మేకకు తూకం ధర అడుగుమట్టంగా ఉంటుంది. దాని పైన ఎంత పలికితే అంత. అడుగు తెలిసినవాడు పండుగ బేరంలో కూడా నిలబడి మాట్లాడతాడు. నగరానికి తూర్పున ఒక చోటు కావలసింది ఆ పండుగ రోజులకే. కోహెడలో పండ్ల మార్కెట్ కోసం 178 ఎకరాలు కేటాయించారు. అందులో ఒక మూల నీడ, నీళ్లు, పశువైద్యుడి గది ఉన్న జీవాల దొడ్డికి చోటిస్తే ఎల్బీనగర్, వనస్థలిపురం, సరూర్‌నగర్ కొనుగోలుదారులు నగరం దాటిపోనక్కర్లేదు, అమ్మేవాడు లాఠీకి భయపడనక్కర్లేదు.

గడ్డిఅన్నారం నుంచి తెచ్చుకోకూడనివి రెండున్నాయి. ఒకటి అప్పుతో కట్టేసే కమీషన్ పద్ధతి. ఆగడానికి కావలసిన అప్పు మహిళా సంఘం నుంచో సహకార సంఘం నుంచో రావాలి. కొనేవాడే అప్పిస్తే కాటా ఉన్నా లేనట్టే. రెండోది, చీటీ భూమి ఉన్నవాడి పేరనే పడే అలవాటు. తోటకు పట్టాదారుంటాడు, సాధారణంగా మగవాడు. మేకలకు పట్టా ఉండదు. కాచేది, నీళ్లు పెట్టేది చాలా ఇళ్లలో ఆడమనిషే అయినా బేరానికి కూర్చునేది మగవాడు. తక్‌పట్టీ మీద కాచే మనిషి పేరు, డబ్బు ఆమె ఖాతాలో అన్న నియమం మొదటి రోజునుంచే ఉంటే సంతలో సగం మంది ముఖాలు మారతాయి.

సరూర్‌నగర్ రైతుబజారులో కూరగాయ ధరలు నల్లబల్ల మీద రాసి పెట్టడం నగరవాసికి ఇప్పుడు మామూలు సంగతి. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు అది కొత్త. వంకాయకు, బత్తాయికి దొరికిన ఆ గౌరవం మేకకు దొరకడానికి కొత్త జాతి మేకలు, కొత్త సబ్సిడీలు, కొత్త చట్టం అక్కర్లేదు. ఇకమీదట ఏ ప్రభుత్వమైనా జీవాల పథకం ప్రకటించినప్పుడు, ఎన్ని యూనిట్లు ఇస్తారన్న ప్రశ్నకు ముందు ఒక ప్రశ్న అడగాలి. ఏ సంతలో, ఎవరి కాటా మీద, ఎవరి పేరున తక్‌పట్టీ రాస్తారు? దీనికి జవాబు లేని పథకం మేకలను పెంచుతుందేమో గానీ, మేకలు పెంచేవాళ్లను పెంచదు.